నలభై ఒక్క సెకన్లు

ఇంటి నుంచి, కుట్టుమిషను పక్కన
మార్చి 4

ఒరేయ్ గడియారం,

మీ ఫ్యాక్టరీలో అందరూ నిన్ను అలాగే పిలుస్తారన్నావుగా, ఇక నేనూ అలాగే పిలుస్తాను. తమ్ముడైతే అక్క ఫోనెత్తేవాడు. పదిసార్లు చేస్తే ఒక్కసారి ఎత్తావు, పోయిన ఆదివారం. ఎత్తి, జలుబు చేసిందని గొణిగి, మూడు ముక్కలు మాట్లాడి పెట్టేశావు. చిన్నప్పుడు నీ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇప్పుడు మాటలకి రేషను పెట్టారా?

సరేలే, ఉత్తరమే నయం. ఫోనులో అయితే మీ బావ సంగతులు మీ బావ వింటుండగానే చెప్పాలి. ఆయనకి నోరు పోయిన దగ్గర్నుంచి చెవులు రెండింతలయ్యాయి. వీధి చివర ఆగిన బస్సు ఎంత పాతదో ఇంజను చప్పుడుబట్టి పలక మీద రాసి చూపిస్తారు. ఇరవై రెండేళ్ళు బస్టాండు మైకులో బస్సుల్ని పిలిచిన మనిషి కదా, ఎక్కడికి పోతుంది ఆ అలవాటు.

పక్షవాతం వచ్చి పధ్నాలుగు నెలలు. కుడివైపు నోరూ నాలుకా ఇంకా మొద్దుగానే ఉన్నాయి. మంచినీళ్ళు కూడా పొడి కలిపి చిక్కగా చేస్తే తప్ప దిగవు, పల్చగా ఉంటే పొలమారి కళ్ళు తేలేస్తారు. ఫిట్సు మాత్ర గొంతుకి అడ్డం పడి ఆసుపత్రికి పరిగెత్తిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. సిరప్పు ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా. ఇవ్వకపోతే ఫిట్సు. మింగలేక కక్కలేక అంటారే, అలా ఉండేది మా బతుకు. అప్పుడు నువ్వే అన్నావు, "మా దగ్గర నాలుక మీద పెడితే కరిగిపోయే మాత్ర తయారవుతోందక్కా, నీళ్ళక్కర్లేదు" అని. పది నెలలైంది, ఒక్క ఫిట్టు రాలేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చెయ్యి పొడిగా తుడుచుకుని, రేకు నొక్కకుండా మెల్లగా ఒలిచి, పనిచేసే ఎడమవైపు నాలుక మీద పెడతాను. ఆయన మంచం కోడు మీద వేళ్ళతో సెకనుకొకటి చొప్పున దరువేస్తారు. పాతిక దరువుల్లో మాత్ర మాయం.

మింగడం నేర్పే టీచరమ్మ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్తున్నాం. అక్కడ బెంచీ మీద మా పక్కన ఒక పెద్దమ్మ కూర్చుంటుంది. ఆవిడదీ ఇదే జబ్బు, ఇదే మాత్ర. కొడుకు తాళాలు బాగుచేస్తాడు, ఆవిడని చంటిపిల్లలా ఎత్తుకుని తీసుకొస్తాడు. ఈ మాత్రలు మా తమ్ముడు నోట్లో వేసుకుని చూసి బాగున్నాయంటేనే బయటికొస్తాయి అని గొప్పలు పోయాను. "అయితే ఎంగిలి మాత్రలా తల్లీ?" అంది ఆవిడ. వంకర మూతితోనే మీ బావ నవ్విన నవ్వు నువ్వు చూడాల్సింది.

ఒక్కటే అర్థం కాలేదు. ఆదివారం నీతో మాట్లాడేటప్పుడు ఆయన కూడా వింటారని స్పీకరు పెట్టాను. నువ్వు పెట్టేయగానే పలక తీసుకుని "డాక్టరు" అని రాశారు. ఒంట్లో ఎలా ఉందండీ అంటే తల అడ్డంగా ఊపి ఫోను వైపు చూపించారు. డాక్టరుకి ఫోను చెయ్యమంటున్నారు కాబోలని బండి మాట్లాడి తీసుకెళ్ళాను. డాక్టరు నోరు చూసి, గుండె చూసి, ఏమీ లేదు పొమ్మన్నాడు. ఇంటికొచ్చాక ఈయన పలక విసిరికొట్టారు. అంచు విరిగింది. ఎవరి మీద ఆ కోపం? నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది.

ఫోనెత్తు.
అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో అంతస్తు
మార్చి 12

అక్కా,

పలక విసిరాడంటే బావ చెయ్యి బాగా పనిచేస్తోందన్నమాట. సంతోషించు.

మీ పెద్దమ్మకి చెప్పు, మేము నోట్లో వేసుకున్న మాత్రలు ఎవరికీ పంపం. రుచి, కరిగే వేగం చూసి గిన్నెలో ఉమ్మేస్తాం, పుక్కిలిస్తాం. మా గది నువ్వెప్పుడూ చూడలేదు. కిటికీ లేదు, గోడలు తెలుపు. గాలిలో తడి లాగేసే మిషను రోజంతా గురగురలాడుతుంది, ఈ మాత్రకి తడి తగిలితే ముద్దయిపోతుంది కాబట్టి. నాలుగు స్టూళ్ళు, నాలుగు స్టాపువాచీలు. నేను ఒకవైపు, మిగతా ముగ్గురూ నాకు ఎదురుగా. ముగ్గురికీ పని నేర్పింది నేనే. అందరం ఒకేసారి మాత్ర నాలుక మీద పెట్టుకుంటాం. కొరకకూడదు, చప్పరించకూడదు. నాలుకని మెల్లగా అంగిటికి ఆనించాలి, అంతే. ఆఖరి రేణువు పోగానే చెయ్యెత్తి వాచీ నొక్కాలి. ముప్పై సెకన్లు దాటిన సరుకు గేటు దాటదు.

ఇదే పనిని నీళ్ళ గిన్నెలో చేసే మిషనూ ఒకటుంది. ఆరేళ్ళ కిందట అది బాగుందన్న సరుకుని నేను బాగాలేదన్నాను, ఇసకలా తగులుతోందన్నాను. వినలేదు. పంపారు. మొత్తం తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి గడియారం ఔనంటేనే ఔను.

పోయినవారం 217 నంబరు సరుకు వచ్చింది. మిషను పంతొమ్మిది సెకన్లంది. నా నోట్లో నలభై ఒకటి. మిగతావాళ్ళవి నలభై ఒకటి, నలభై రెండు, నలభై రెండు. నాలుగు నోళ్ళు ఒకే మాట చెబుతుంటే ఇక మిషను మాట ఎవరు వింటారు? మేనేజరు ఎర్ర చీటీ అంటించేశాడు. బావలాంటి వాళ్ళ నోట్లో సగం కరిగి అంగిటికి అంటుకునే మాత్రని నేను పంపించనక్కా. మిషనుకి బావ ఎవరో తెలియదు. నాకు తెలుసు.

జలుబు వదలడం లేదు. గొంతు ముద్దగా ఉంటోంది, అందుకే ఫోనెత్తను. భోజనాల గదిలో ఆఖరున లేచేది నేనేనట. "గడియారం స్లో అయింది" అని ఏడిపిస్తున్నారు.

తమ్ముడు


ఇంటి నుంచి
మార్చి 27

ఒరేయ్,

నీ తెల్లగది పురాణం చదివి మీ బావా నేనూ మురిసిపోయాం. ఇప్పుడు మురిపెం దిగిపోయింది. మాత్రలు దొరకడం లేదు.

మా మందుల షాపతను లేవన్నాడు. సరే, ఇంకో షాపు. అక్కడా లేవు. నాలుగు షాపులు తిరిగాను. ఆఖరువాడు చెప్పాడు, ఫ్యాక్టరీ నుంచే రావడం లేదట, వరసగా రెండు సరుకులు ఆపేశారట. ఈ మందుని కరిగే మాత్రగా చేసేది మీ వాళ్ళొక్కరేనటగా, వేరే కంపెనీది ఇవ్వమంటే నా మొహం చూశాడు. మీ తమ్ముడే ఆపాడమ్మా అని వాడు అనలేదు గానీ, నాకే గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

నా దగ్గర ఇరవై రెండు ఉండేవి. పెద్దమ్మకి రెండు రోజుల కిందట అయిపోయాయి. కొడుకు మామూలు మాత్ర రెండు చెంచాల మధ్య నలిపి గుజ్జులో కలిపి పెడుతున్నాడట. బెంచీ మీద ఆవిడ దగ్గు ఆగలేదు. మీ బావ నా సంచీ లాగి, తెరిచి, వేళ్ళు ఆరు చూపించారు. ఆరు ఇచ్చాను. మాకు పదహారు మిగిలాయి. అంటే ఎనిమిది రోజులు.

తొమ్మిదో రోజు ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి. నలిపి పెట్టమంటావా ఈయనకి కూడా? నువ్వు మంచి పనే చేశావు, కాదనను. చెడ్డ మాత్ర కంటే లేని మాత్రే నయమని అక్కడ గదిలో కూర్చుని అనుకోవడం తేలిక. ఇక్కడ నేను రోజూ ఈయన మూతి తుడుస్తున్నాను.

ఫోనెత్తవు. కనీసం వెంటనే రాయి.
అక్క


క్వార్టర్లు
ఏప్రిల్ 3

అక్కా,

ఈ పార్సిల్లో నలభై ఉన్నాయి. షాపు అట్ట ఉండదు, ఉత్త రేకు. భయం లేకుండా వాడు, మంచి మాత్రలు. ఎవరికీ చూపించకు. ఎక్కడివని అడిగితే చెప్పకు.

218, 219 కూడా ఆగాయి. పొడిలో తడి చేరి ఉంటుందని మేనేజరు అనుమానం. పొడి కలిపే ఆయన్ని, పాతికేళ్ళ సర్వీసు, విచారణ అయ్యేదాకా ఇంటికి పంపారు. వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చి, "గడియారంగారూ, నా వల్ల ఎక్కడ పొరపాటైందో మీరైనా చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు.

చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యమై ఇవాళ ఫ్యాక్టరీ బస్సు తప్పింది.

బావని అడిగానని చెప్పు. ఉత్తరం చింపెయ్.

తమ్ముడు


ఇంటి నుంచి
ఏప్రిల్ 11

తమ్ముడూ,

పార్సిలు అయిదో తారీకున అందింది, ఇంకొక్క పూట ఆలస్యమైతే పెట్టె అడుగు తడుముకునేదాన్ని. నీ కడుపు చల్లగా ఉండాలి. మీ బావ నాలుక మీద పెట్టాను, ఆయన దరువు మొదలెట్టారు, నేను లెక్కపెట్టాను. ఇరవై నాలుగు దరువులు. మాయం. మిషను దగ్గర కూర్చుని ఏడ్చాను రా. ఏడ్చి, మొహం కడుక్కుని, కర్టెన్లు రెండు కుట్టేశాను.

ఉత్తరం మాత్రం చింపలేదు. ఎందుకంటే తర్వాతి రోజు వెలుతురులో రేకు వెనక చూశాను. ఇంకుతో నంబరు రాసి ఉంది. 217.

నీ పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. నలభై ఒక్క సెకన్లని నువ్వే ఆపిన సరుకు. సగం నాలుక పనిచేసే మీ బావ నోట్లో కూడా ఇరవై నాలుగు దరువులకే కరిగింది. వారం రోజులుగా రోజూ లెక్కపెడుతున్నాను, ఒక్కసారీ ఇరవై ఏడు దాటలేదు. మరి నిక్షేపంలాంటి నీ నోట్లో ఎందుకు కరగలేదు?

మంచివని నీకు తెలుసు. తెలియకపోతే మీ బావకి పంపవు, ఆ నమ్మకం నాకుంది. మంచివని తెలిసి ఎందుకు ఆపుతున్నావు? ఎవరైనా నీ చేత అబద్ధం చెప్పిస్తున్నారా? కొరత తెప్పించి రేటు పెంచుదామని పెద్దవాళ్ళెవరైనా బెదిరించారా? అలాంటిదేదైనా ఉంటే వదిలేసి వచ్చెయ్. ఇక్కడ కర్టెన్లు కొలిచే మనిషి కావాలి నాకు.

ఇంకో మాట. పెద్దమ్మ చిక్కిపోయింది. కొడుకు మాత్ర నలుపుతూనే ఉన్నాడు, ఆవిడ దగ్గుతూనే ఉంది. సొరుగులో ఇన్ని పెట్టుకుని ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చోవడం నా వల్ల కావడం లేదు. నువ్వు చూపించకు అన్నావు గనక ఊరుకున్నాను. ఆవిడకి ఒక పది ఇవ్వనా? ఔననరా.

అక్క


క్వార్టర్లు
ఏప్రిల్ 16

అక్కా,

ఎవరూ బెదిరించలేదు. ఎవరూ అబద్ధం చెప్పించడం లేదు.

పెద్దమ్మకి ఇవ్వద్దు. అట్ట లేని రేకు చూస్తే కొడుకు అడుగుతాడు. టీచరమ్మ అడుగుతుంది. అక్కణ్ణించి ఫ్యాక్టరీకి ఫోను వస్తుంది. ఒక్క రెండు వారాలు ఆగమను, నేనే చక్కబెడతాను.

ఇంకో ముప్పై పంపుతున్నాను.

దయచేసి ప్రశ్నలు వద్దు.

తమ్ముడు


ఇంటి నుంచి
మే 2

తమ్ముడూ,

పెద్దమ్మ పోయింది.

ఏప్రిల్ 22న పొద్దున నలిపిన మాత్ర గొంతుకి అడ్డం పడి, దగ్గి దగ్గి, పొడంతా లోపలికి లాగేసుకుందట. న్యుమోనియా అన్నారు. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంది. 27న పోయింది. కొడుకు రెండు చేతులూ చూపించి ఒకటే అడిగాడు నన్ను, "ఇంకా మెత్తగా నలిపి ఉండాల్సిందా అమ్మా?" అని. ఆ మనిషి తనని తాను తినేస్తున్నాడు రా. నేను లేదు నాయనా, నీ తప్పేం లేదు అన్నాను.

ఆ 22వ తారీకుకి నా మిషను సొరుగులో ముప్పై ఆరు మాత్రలున్నాయి. లెక్కపెట్టాను. ముందు రోజు బెంచీ మీద ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీవాడి మాత్రలు ఎప్పుడొస్తాయి తల్లీ?" అంది. త్వరలోనే పెద్దమ్మా అన్నాను. నువ్వు వద్దన్నావని మాత్రమే కాదు, ఇస్తే మీ బావకి చాలవేమోనని కూడా. ఈ రెండో ముక్క ఇవాళే నాకు నేను చెప్పుకున్నాను, నీకూ చెబుతున్నాను.

ఇంటికొచ్చి మీ బావకి అంతా చెప్పాను. 217 సంగతి, నువ్వు వద్దన్న సంగతి, అన్నీ. ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదు. విన్నాక ఆయన అంచు విరిగిన ఆ పలక అడిగి తీసుకున్నారు. రాయడం, నేను చదవడం, చెరపడం, మళ్ళీ రాయడం. నాలుగు పలకలు నిండాయి. ఆయన రాసింది రాసినట్టు పంపుతున్నాను.

"మార్చిలో ఫోనులో వాడి మాట విన్నాను. ముద్దగా ఉంది. జలుబు మాట అలా ఉండదు. ఇరవై రెండేళ్ళు మైకు ముందు కూర్చున్నవాణ్ణి, జలుబు గొంతేదో, తిరగని నాలుకేదో నాకు తెలుసు. డాక్టరు నాక్కాదు. వాడికి."

నేను పిచ్చిదాన్ని, ఆయన్నే బండెక్కించి తీసుకెళ్ళాను.

జలుబు కాదు కదా? బస్సు తప్పించిన గుండీలు, ఆఖరున ముగిసే భోజనం, నలభై ఒక్క సెకన్లు. మాత్రది కాదు కదా ఆలస్యం? నిజం రాయి. ఈసారి ఇంకొకటేదైనా రాస్తే నాకు తమ్ముడు లేడు.

అక్క


క్వార్టర్లు
మే 9

అక్కా,

నిజం రాస్తున్నాను. చెయ్యి కూడా ఇప్పుడు నెమ్మది, ఈ ఉత్తరం రెండు రోజులు రాశాను.

217ని ఆపిన రోజు నేను అబద్ధం ఆడలేదు. నా నోట్లో నిజంగానే నలభై ఒకటి. 218 అప్పుడూ అంతే. ఎప్పుడు తెలిసిందో తారీకుతో సహా చెబుతాను. మార్చి 29, ఆదివారం మధ్యాహ్నం. నీ ఉత్తరం రేపోమాపో వస్తుందని తెలియదు గానీ, బావ మనసులో మెదిలాడు. అల్మారాలో పోయినేడు మొదటి సరుకుదొక రేకు దాచుకున్నాను, జ్ఞాపకంగా. అప్పుడు నా నోట్లో పద్దెనిమిది సెకన్లు. అది తీసి నాలుక మీద పెట్టుకున్నాను. వంటగది గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. యాభై రెండు. ఇంకొకటి. యాభై. మూడోది నోట్లో ఉండగానే గడియారానికి వీపు తిప్పేశాను.

సోమవారం, నాకు ఎదురుగా కూర్చునే ముగ్గురిలో కళ్ళజోడావిణ్ణి పక్కకి పిలిచి అడిగాను, మీకు ఈ సరుకులు ఎంతకి కరుగుతున్నాయి అని. "ఇరవైకే అయిపోతోంది సార్" అంది. మరి నలభై రెండని ఎందుకు నొక్కావమ్మా అంటే ఆవిడ తెల్లబోయింది. "మీరు చెయ్యెత్తలేదుగా సార్. మీ నాలుకకి ఇంకా ఏదో తగులుతోంది, నాకే తెలియడం లేదనుకున్నాను." మిగతా ఇద్దరూ అదే మాట. ముగ్గురూ నోళ్ళు ఖాళీగా పెట్టుకుని, నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చున్నారు. అలా చూడమని నేనెప్పుడూ చెప్పలేదు. చూడొద్దనీ చెప్పలేదు. అలా చూస్తుంటే నాకు బాగుండేది అక్కా.

ఆ రోజే వెళ్ళి చెప్పాల్సింది. భయమేసింది. ఇరవై ఏళ్ళుగా నేనంటే ఈ నాలుకే. ఇది పాడైందని ఒప్పుకుంటే ఇక ఏం మిగులుతుందని భయం. ముందు డాక్టరుకి చూపించుకుని తర్వాత చెబుదాం అనుకున్నాను. ఏప్రిల్ 8న చూపించాను. నోరు తెరవమని లైటు వేసి చూశాడు. నాలుక ఒక పక్క సన్నబడిందట, అంగిటికి సరిగ్గా ఆనడం లేదట. ఊరికే ఉన్నప్పుడు కూడా లోపల ఏదో పాకుతున్నట్టు కదులుతోందట. నరాల జబ్బు. వెనక్కి తిరగదట. మాట ముందు పోతుంది, ఆ తర్వాత మింగడం. ఎన్నాళ్ళు అంటే, మనిషిని బట్టి అన్నాడు.

బయటికొచ్చాక ఇంకా భయమేసింది. ఇంకో వారం, ఇంకో వారం అనుకున్నాను. ప్రతి సరుకూ వచ్చేది, నేను కూర్చునేవాణ్ణి, చెయ్యి ఆలస్యంగా ఎత్తేవాణ్ణి. మూడు మంచి సరుకులు ఆపాను, తెలిసి. టెస్టు కోసం ఇచ్చిన రేకులు జేబులో వేసుకుని బావకి పంపాను, మంచివని తెలుసు గనక. పెద్దమ్మకి వద్దన్నాను, నేను దొరికిపోతాను గనక. కొడుకు అడిగిన మాట నువ్వు రాశావు చూడు, ఇంకా మెత్తగా నలిపి ఉండాల్సిందా అని. అది చదివాక అన్నం సయించలేదు. అన్నం ఎలాగూ దిగడం లేదనుకో.

నిన్న పొద్దున మేనేజర్ని తెల్లగదికి రమ్మన్నాను. ముగ్గుర్నీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను, నా చెయ్యి కనబడకుండా. నలుగురం 217 నాలుక మీద పెట్టుకున్నాం. ఒకరి వాచీ పద్దెనిమిదికి ఆగింది, ఒకరిది ఇరవై, ఒకరిది పంతొమ్మిది. ముగ్గురూ వెనక్కి తిరిగారు. నాది నడుస్తూనే ఉంది. నిమిషం కాగానే మేనేజరు ముందుకెళ్ళి నోరు తెరిచి చూపించాను. మాత్ర ఇంకా ఉంది. తడి లాగే మిషను గురగురలాడుతోంది. కళ్ళజోడావిడ ఏడ్చింది.

ఎర్ర చీటీలన్నీ తీసేశారు. పొడి కలిపే ఆయన్ని పిలిపించారు. నన్ను ఇంటికి పొమ్మన్నారు. విచారణ ఉంటుందట, ఉండాలి. నా స్టాపువాచీ నన్నే పట్టుకెళ్ళమన్నాడు మేనేజరు. టేబుల్ మీదే వదిలేసి వచ్చాను.

పెద్దమ్మ కొడుకు అడ్రసు పంపు. అతనికి ఉత్తరం రాస్తాను, ఇదంతా. ఎదుట నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పినా నా మాట సగం అర్థం కాదు.

తమ్ముడు


ఇంటి నుంచి
మే 14

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

నువ్వు పంపిన మాత్రలు పదో తారీకుకి అయిపోయాయి. పదకొండున ఆయనకి ఫిట్టు వచ్చింది, ఏడాది తర్వాత మొదటిది. నేను పళ్ళ మధ్య వేలు పెట్టలేదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి పట్టుకుని కూర్చున్నాను. తెప్పరిల్లారు. నిన్న షాపుకి సరుకు వచ్చింది, అట్ట మీద 217 అని అచ్చు వేసి ఉంది. తెచ్చాను. పాతిక దరువులు.

నాకు నీ మీద కోపం ఉంది. దాచుకోను. ఏడుపూ ఉంది. ఏది ఎక్కువో నువ్వు ఎదురుగా ఉంటే గానీ తెలియదు.

అడ్రసు పంపను. ఉత్తరాల చాటున దాక్కోవడం నీకు బాగా అలవాటైంది, నాకూ అలవాటైంది. ఇక చాలు. అతని కొట్టు ఇక్కణ్ణించి పది నిమిషాల నడక. ఇప్పటికీ ఒక్కడే కూర్చుని, నలపడం సరిగ్గా చేతకాక అమ్మని చంపుకున్నాననుకుంటున్నాడు. నిన్న దారిలో కనబడి మళ్ళీ అదే అడిగాడు. అతనికి కాగితం కాదు కావలసింది. ఎదుట నిలబడి, నీ నోటితో నువ్వు చెప్పు. పక్కనే నిలబడి, సొరుగులో ముప్పై ఆరు పెట్టుకుని త్వరలోనే వస్తాయి పెద్దమ్మా అన్నది నేనేనని నా నోటితో నేను చెబుతాను. కొడతాడో, తిడతాడో, తలుపు వేసేస్తాడో, ఇద్దరం పడదాం. నీ మాట అర్థం కాని చోట నేను అందుకుంటాను. మొదటి మాట మాత్రం నీదే అవ్వాలి.

మీ బావ తన మంచం పక్కన ఇంకో మంచం వేయించారు. నీకోసం కొత్త పలక కూడా కొనమన్నారు. కొన్నాను. అల్మారా పై అరలో పెట్టాను, కంటికి కనబడకుండా.

వచ్చే శుక్రవారం మొదటి బస్సుకి బయల్దేరు. ఆ పలక కిందికి దించకముందే అతనితో మాట్లాడెయ్యాలి. మాట ఉండగానే రా.

అక్క